మైనస్ 25216కి ఎన్ని మార్కులు?

(కనుమ నాటి మధ్యాహ్నం. నల్లగొండ దగ్గర ఒక ఊరు, పెంకుటింటి అరుగు. మామయ్య జేఎన్‌టీయూ హైదరాబాద్‌కి అనుబంధంగా ఉన్న ఒక ఇంజనీరింగ్ కాలేజీలో 22 ఏళ్లుగా ప్రోగ్రామింగ్ చెబుతున్నారు. మేనకోడలు అమెరికాలో ఎంఎస్ చేస్తూ, అక్కడి మొదటి ఏడాది ప్రోగ్రామింగ్ క్లాసుకి రెండేళ్లు టీచింగ్ అసిస్టెంటుగా చేసి, పండక్కి వచ్చింది. ఇద్దరి మధ్యా 60 సీ ల్యాబ్ రికార్డుల కుప్ప. మామయ్య చేతిలో ఎర్ర పెన్ను.)

మేనకోడలు: మామయ్యా, ఈ పేజీలో రెండు మార్కులు కోశారేం?

మామయ్య: ఏదీ, ఇలా ఇవ్వు. ఆఁ, ఫ్యాక్టోరియల్. ఈ పిల్ల అవుట్‌పుట్ ఏం రాసిందో చూశావా? 8 ఫ్యాక్టోరియల్ మైనస్ 25216 అట. ఒకటి నుంచి ఎనిమిది దాకా గుణించుకుంటూ పోతే మధ్యలో మైనస్ ఎక్కణ్నుంచి ఊడిపడుతుంది? 40320 రావాలి. రెండే కోశాను, సంతోషించమను.

మేనకోడలు: మిగతా 59 మంది?

మామయ్య: 40320. ముత్యాల్లాంటి అక్షరాలతో.

మేనకోడలు: మీ ల్యాబులో ఇంకా ఆ నీలం తెర టర్బో సీయేనా?

మామయ్య: అదే. ఆ పాత కంప్యూటర్ల మీద అదొక్కటే మొరాయించకుండా నడుస్తుంది.

మేనకోడలు: అందరూ ఫ్యాక్ట్ అనే వేరియబుల్‌ని ఇంట్ అనే పెట్టారు. నాలుగైదు రికార్డులు తిప్పి చూశాను. టర్బో సీలో ఇంట్‌కి 16 బిట్లే. 32767 దాటితే పట్టదు. పాత స్కూటర్ మీటరు 99999 దాటాక మళ్లీ సున్నాకి వచ్చినట్టు, ఇది తిరిగి మైనస్‌ల్లోకి పడుతుంది. 40320లోంచి 65536 తీసేయండి.

మామయ్య: (వేళ్ల మీద లెక్కపెట్టి) మైనస్ 25216.

మేనకోడలు: మీ ల్యాబులో ఆ ప్రోగ్రాంకి 8 ఇస్తే వచ్చేది ఇదే, మామయ్యా. ఇంకోటి రాదు. అంటే 59 మంది నడపకుండానే రాశారు. నడిపింది ఈ ఒక్కతే. మీరు మార్కులు కోసింది కూడా ఈ ఒక్కదానికే.

(మామయ్య ఎర్ర పెన్నుకి మూత పెట్టారు.)

మామయ్య: ఇంట్ రెండు బైట్లని నాకు తెలియదనుకున్నావా? ప్రతి ఏడూ వైవాలో నేనడిగే మొదటి ప్రశ్న అదే. అందరూ టకీమని చెబుతారు. మైనస్ 32768 నుంచి 32767 దాకా అని రేంజి కూడా అప్పజెబుతారు.

మేనకోడలు: చెప్పి, నాలుగు పేజీల తర్వాత 40320 రాస్తారు. మీరు టిక్కు పెడతారు. అందుకే అంటాను, ఈ రికార్డు రాయించడం మానేయండని. ఎయిమ్, ఆల్గరిథం, స్కేలు పెట్టి గీసిన ఫ్లోచార్టు, ప్రోగ్రాం, అవుట్‌పుట్. ముందు అబ్జర్వేషన్‌లో ఒకసారి, మళ్లీ రికార్డులో ఒకసారి. ఇదంతా సీనియర్ రికార్డులోంచి దిగిందే. అచ్చంగా మక్కికి మక్కి. ఆ నానుడిలో రాతగాడికి కనీసం ఒక చచ్చిన ఈగైనా కనబడింది. వీళ్లకి అదీ లేదు.

మామయ్య: ఆగు కోడలా. నీ మాట వింటే రికార్డు కనిపెట్టినవాడు పిల్లల పాలిటి శత్రువనిపిస్తుంది. నా సంగతి విను. ఈ 60 మందిలో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు ఎంతమందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఫోన్‌లో ప్రోగ్రాం కొట్టి చూసేవాళ్లు ఇంకొందరు. మిగతా వాళ్లకి వారానికి ఒక్క ల్యాబే దిక్కు. ఆ ఒక్క పూటలో స్టేట్‌మెంట్ మిస్సింగ్ సెమికోలన్ అని తెర మీద వస్తే, ఆ ఇంగ్లీషు ముక్క అర్థం చేసుకునేసరికే గంట కొడతారు. అలాంటి పిల్ల ఇంటికెళ్లి రాత్రి కూచుని ఫర్ లూప్ ఎక్కడ మొదలైందో, బ్రాకెట్ ఎక్కడ మూసుకుందో చేత్తో రాస్తుంది. ఒకటికి రెండుసార్లు రాస్తే చెయ్యి నేర్చుకుంటుంది. తర్వాత బుర్ర నేర్చుకుంటుంది. మీ నాన్న ఎక్కాలు నేర్చుకుంది అలాగే కదా.

మేనకోడలు: ఎక్కాలు బట్టీ పడితే రేపు లెక్కకి పనికొస్తాయి. ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాం బట్టీ పడితే ఫ్యాక్టోరియల్ ప్రోగ్రాంకి తప్ప దేనికి పనికొస్తుంది?

మామయ్య: పరీక్షకి పనికొస్తుంది. నవ్వకు. 100 మార్కుల్లో 40 మావి, 60 బయటి పరీక్షవి. మొత్తం మీద 40 రావాలి. బయటి 60లో 21 తగ్గితే ఇంటర్నల్ ఎంతొచ్చినా ఫెయిలే. క్యాంపస్‌కి వచ్చే కంపెనీలు చాలామటుకు 60 శాతం దగ్గర గీత గీస్తాయి. ఆ గీతకి ఇవతల మిగిలిపోయిన పిల్ల తండ్రి ఏ ఆటో నడిపేవాడో, పత్తి చేను కౌలుకి చేసేవాడో అయివుంటాడు. నీట్‌గా రికార్డు రాసిన పిల్లకి పదికి తొమ్మిది వేసి పంపిస్తే అది నా దయ అనుకోకు. ఈ ఏర్పాటులో ఆ పిల్ల కష్టపడగలిగిన చోటు అదొక్కటే. అందుకు వేస్తాను.

మేనకోడలు: అందరికీ 40కి 36, 37 వేస్తారు. అప్పుడా మార్కు ఏం చెబుతుంది మామయ్యా? బస్సెక్కినవాళ్లందరికీ ఒకటే టికెట్టు కొట్టినట్టు. ఎవరు ఎక్కడిదాకా వచ్చారో తెలీదు.

మామయ్య: సరే, మీ దగ్గర ఏం చేస్తారో చెప్పు. దివ్యంగా ఉంటుందేమో విందాం.

మేనకోడలు: దివ్యమని అనను. కానీ మొదటి రోజే సిలబస్ కాగితం చేతికిస్తాం. హోంవర్కులకి ఎంత శాతం, మిడ్‌టర్మ్‌కి ఎంత, ఫైనల్‌కి ఎంత, ఆలస్యమైతే ఎంత కోత, స్నేహితుల సాయం ఎక్కడిదాకా తీసుకోవచ్చు, అన్నీ రాసి ఉంటాయి. మార్కు నచ్చకపోతే వారంలోగా రీగ్రేడ్ అడగొచ్చు. ఈ పిల్ల మీ దగ్గరికొచ్చి, రెండు మార్కులు ఎందుకు పోయాయి సార్ అని అడుగుతుందా?

మామయ్య: ఈ పిల్లా? గుడ్ మార్నింగ్ చెప్పడానికే తడబడుతుంది.

మేనకోడలు: ఇక ప్రోగ్రాం దిద్దేది మేం కాదు, ఆటోగ్రేడర్. పిల్లలు అప్‌లోడ్ చేసిన నిమిషంలో పది టెస్టుల్లో ఏవి పాసయ్యాయో, ఏవి పోయాయో చెబుతుంది. దిద్దుకుని మళ్లీ పెట్టొచ్చు. అర్ధరాత్రి ఒకటికి పెట్టినా విసుక్కోదు. ముఖం చూడదు, దస్తూరీ చూడదు. ఇదేమీ నిన్నటి ముచ్చట కాదు. 1960లోనే అమెరికాలో రెన్‌సెలేర్ పాలిటెక్నిక్‌లో జాక్ హోలింగ్స్‌వర్త్ అనే ఆయన, ఐబీఎం 650 మీద పంచ్ కార్డుల్లో వచ్చిన పిల్లల ప్రోగ్రాములని మెషిన్‌తోనే దిద్దించి, దాని గురించి వ్యాసం ప్రచురించారు. అరవై ఏళ్లు దాటింది. మీరింకా సున్నాలు చుడుతున్నారు.

మామయ్య: బాగుంది. మరి మీ ఆటోగ్రేడర్‌ని మా ల్యాబులో టర్బో సీ మీద పెట్టి, ఈ పిల్ల ప్రోగ్రాం దానికి ఇద్దాం. 8 ఇచ్చింది. మెషిన్ 40320 కోసం చూస్తోంది. మైనస్ 25216 వచ్చింది. ఎన్ని మార్కులు?

(మేనకోడలు మాట్లాడలేదు.)

మామయ్య: చెప్పమ్మా.

మేనకోడలు: ఆ టెస్టుకి సున్నా.

మామయ్య: నేనింకా నయం. రెండే కోశాను.

మేనకోడలు: ఒప్పుకుంటాను. కానీ తేడా ఉంది. ఆ సున్నా అప్పటికప్పుడే కనబడుతుంది. ఏదో తేడా కొట్టిందని తెలుసుకుని, ఇంట్ తీసి లాంగ్ పెట్టి మళ్లీ పంపిస్తుంది. మీ ఎర్ర గీత సంక్రాంతి దాటాక కనబడుతుంది. అప్పటికి ఆ ప్రోగ్రాం తనకి గుర్తుండదు.

మామయ్య: లేకపోతే, ఇఫ్ ఎన్ ఈక్వల్స్ 8 అయితే 40320 అచ్చు వెయ్యి అని రాసి పంపిస్తుంది. టెస్టు పాస్. అలాంటివాళ్లు మీ దగ్గర లేరా?

మేనకోడలు: ఉన్నారు. అందుకే కొన్ని టెస్టులు దాచిపెడతాం.

మామయ్య: దాచిన టెస్టు అంటే బయటి ఎగ్జామినర్ లాంటిదే. ఏం అడుగుతాడోనని పిల్లలు ప్రోగ్రాం వదిలేసి ఆయన్ని చదువుకుంటూ కూచుంటారు.

మేనకోడలు: (కాసేపాగి) మామయ్యా, ఇప్పుడే ఇంకొకటి తట్టింది. మా మెషిన్ల మీద ఇంట్ 32 బిట్లు. 12 ఫ్యాక్టోరియల్ దాకా సరిగ్గా వస్తుంది. 13 దగ్గర మాకూ ఇదే జబ్బు. 6227020800 రావాల్సిన చోట 1932053504 వస్తుంది. పైగా అది మైనస్ కాదు, పెద్దమనిషి తరహాగా కనబడే సంఖ్య. చూసినవాడికి అనుమానమే రాదు. మా టెస్టులు 10 దగ్గర ఆగిపోయేవి. రెండేళ్లు అదే హోంవర్కు దిద్దించాను. నాకూ కనబడలేదు.

మామయ్య: అయితే నీ మెషినూ టిక్కే పెట్టింది, నా పెన్నూ టిక్కే పెట్టింది.

మేనకోడలు: సరే, నకలు సంగతి చూద్దాం. అది పట్టుకోవడంలో మాత్రం మాది పైచేయి. మాస్ అని ఒకటుంది, 1994లో బర్కిలీలో అలెక్స్ ఐకెన్ మొదలుపెట్టింది. వేరియబుల్ పేర్లు మార్చినా, ఖాళీలు జరిపినా మోసపోదు. ఏ ఇద్దరి ప్రోగ్రాములు అనుమానం వచ్చేంత దగ్గరగా ఉన్నాయో పక్కపక్కన పెట్టి చూపిస్తుంది. నేరం జరిగిందని మాత్రం అది చెప్పదు. తీర్పు మనిషిదే.

మామయ్య: నా 59 మందికి మాస్ ఎందుకు? సీనియర్ ఎక్కడ కామా మర్చిపోతే అక్కడే 59 కామాలూ పోతాయి. పట్టుకోవడం నాకు తెలియక కాదు. పట్టుకున్నాక ఏం చెయ్యాలో తెలియదు. 59 మందికీ సున్నా వేస్తే రేపు ప్రిన్సిపాల్ గదిలో నిలబడేది నేను.

మేనకోడలు: దానికి హార్వర్డ్ వాళ్ల సీఎస్50 క్లాసులో ఒక దారి ఉంది. తప్పు చేసిన విద్యార్థి 72 గంటల్లోగా తనంతట తానే వచ్చి చెప్పుకుంటే, ఆ పని వరకే మార్కులు పోవచ్చు గానీ కేసు పై కమిటీ దాకా పోదు. 2014లో పెట్టారు.

మామయ్య: (ఆసక్తిగా) అది బాగుంది. తప్పు చేసినవాడికి తిరిగొచ్చే తోవ ఉంచారు. మన దగ్గర పట్టుబడటం ఉంది, తప్పించుకోవడం ఉంది. చెప్పుకోవడం అనేదే లేదు. కానీ ఒకటి అడుగుతాను. 2022 చివర్లో ఆ చాట్‌జీపీటీ వచ్చాక నీ మాస్ దేన్ని దేంతో పోలుస్తుంది? అడిగిన ప్రతివాడికీ అది కొత్తగా రాసిస్తుంది. మావాళ్ల నకలు కనీసం చేతిలోంచి వెళ్లి కాగితం మీద పడింది. వేళ్లు నొప్పిపుట్టాయి. అది ఎక్కడా ఎవరినీ తాకకుండా వెళ్లిపోతుంది.

మేనకోడలు: అందుకే మా దగ్గర హోంవర్కు శాతం తగ్గించారు. క్లాసులో కూచుని రాసే పరీక్షలకి పెంచారు. కొన్ని హోంవర్కులకి పిల్లల్ని పిలిచి, నీ ప్రోగ్రాంలో ఈ లైన్ తీసేస్తే ఏమవుతుందని అడగడం మొదలుపెట్టాం.

మామయ్య: అంటే వైవా.

మేనకోడలు: అవును, వైవాయే. మీ యూనివర్సిటీ ఆర్22 నిబంధనలు నిన్న రాత్రి చదివాను. ల్యాబు ఇంటర్నల్ 40లో రోజువారీ రాతకి 10, వైవాకో అలాంటి మరో పనికో 10, ఇంటర్నల్ ప్రాక్టికల్ పరీక్షకి 10, రిపోర్టుకో ప్రాజెక్టుకో 10. కాగితం మీద మా సిలబస్ కంటే మీదే నయం. మరి ఆ వైవా పది మీరెలా వేస్తారు?

మామయ్య: (కళ్లజోడు తుడుచుకుంటూ) రికార్డు చూసి.

మేనకోడలు: మామయ్యా!

మామయ్య: 30 మంది బ్యాచ్. మనిషికి ఐదు నిమిషాలు వేసుకున్నా 150 నిమిషాలు. ల్యాబు మొత్తం దానికే పోతుంది. ఈలోగా మిగతా 29 మంది సెమికోలన్ ఎక్కడ పోయిందని చేతులెత్తి కూచుంటారు.

మేనకోడలు: అందర్నీ ఒక్కరోజే అడగమని ఎవరన్నారు? వారానికి ఆరుగురిని అడగండి. అరగంట. ఐదు వారాల్లో బ్యాచ్ అయిపోతుంది. సెమిస్టర్‌లో ఒక్కొక్కరికి రెండుసార్లు వంతు వస్తుంది. రికార్డులు దిద్దే ఈ పండగ పూటలన్నీ మిగులుతాయి.

మామయ్య: లెక్క బాగానే ఉంది. కానీ నీకు తెలియనిది ఒకటి చెప్తాను. నువ్వింత మెచ్చుకుంటున్నావే ఈ పిల్ల, పదో తరగతి దాకా సర్కారు బడిలో తెలుగు మీడియం. వైవాలో నోరు విప్పదు. వాట్ ఈజ్ ఓవర్‌ఫ్లో అంటే నేల చూపులు చూస్తుంది. నీ పద్ధతిలో పదికి పది ఎవరికొస్తుందో తెలుసా? ఎప్పుడూ ప్రోగ్రాం నడపని, ఇంగ్లీషు గలగలా మాట్లాడే కుర్రాడికి. ఈ పిల్లకి మూడు. నీట్‌గా రాసిన రికార్డే ఆ పిల్లని ఇన్నాళ్లూ కాపాడింది.

మేనకోడలు: ఆ రికార్డే కదా ఇవాళ రెండు మార్కులు పోగొట్టింది!

(ఇద్దరూ నవ్వారు. అత్తయ్య లోపల్నుంచి సకినాల పళ్లెం తెచ్చి రికార్డుల మీదే పెట్టబోతే మామయ్య గబుక్కున పక్కకి జరిపారు.)

మేనకోడలు: తెలుగులో అడగండి.

మామయ్య: బయటి ఎగ్జామినర్ ఇంగ్లీషులోనే అడుగుతాడు. అలవాటు కావద్దూ?

మేనకోడలు: ఆ అలవాటుకి ఇంగ్లీషు క్లాసు ఉంది. ఇంటర్నల్ మీది. అందులో మీరు కొలవాల్సింది ప్రోగ్రాం అర్థమైందా లేదా అని. ఇది చూడమ్మా, 7 ఇస్తే 5040 సరిగ్గా వచ్చింది కదా, 8కే ఎందుకిలా అయిందనుకుంటున్నావు అని అడగండి. వాట్ ఈజ్ అని మొదలయ్యే ప్రశ్నకి బట్టీ పట్టినవాడు చెబుతాడు. ఎందుకని అడిగితే చూసినవాళ్లే చెబుతారు. నోరు రాకపోతే కీబోర్డు ముందు కూచోబెట్టి చేసి చూపించమనండి. మాటలే కావాలని ఎవరన్నారు?

మామయ్య: (ఆలోచిస్తూ) చేసి చూపించమంటే చూపిస్తుంది. చేతిలో పనుంది ఆ పిల్లకి. కానీ రికార్డు మాత్రం మాననమ్మా. నువ్వెన్ని చెప్పినా సరే. రాయకుండా నేర్చుకోవడం నాకు నమ్మకం లేదు.

మేనకోడలు: మానొద్దు. తగ్గించండి. పన్నెండు ప్రోగ్రాములు నకలు దించే బదులు, ప్రతి ప్రోగ్రాంకీ ఒక్క అర పేజీ. ఏం ఇచ్చాను, ఏం వచ్చింది, ఏది అనుకున్నట్టు రాలేదు. ఎడమవైపు గీతల్లేని పేజీ ఫ్లోచార్టు కోసమే కదా, అక్కడ రాయమనండి. అది మాత్రం సీనియర్ దగ్గర దొరకదు.

మామయ్య: మొదటి ఏడు దొరకదు. రెండో ఏటికి అదీ దొరుకుతుంది. నేను 22 ఏళ్ల నుంచి చూస్తున్నాను. ఏది అడిగినా దానికి నకలు పుడుతుంది.

మేనకోడలు: అవును గానీ, ఒకటి అంతుపట్టడం లేదు. ఫ్యాక్టోరియల్‌కి ఎవరైనా 5 ఇస్తారు, 120 వస్తుంది, హాయిగా రాసుకుంటారు. అందరూ పట్టుబట్టి 8 ఎందుకిచ్చారు? సీనియర్లకి మాత్రం ఆ 8, ఆ 40320 ఎక్కణ్నుంచి వచ్చాయి?

మామయ్య: ల్యాబ్ మాన్యువల్‌లోంచి.

మేనకోడలు: ఆ మాన్యువల్ రాసిన మహానుభావుడు నడపకుండానే రాశాడన్నమాట. ఎవరాయన?

(మామయ్య సకినం విరిచారు. తినలేదు.)

మామయ్య: నేనే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, ఒక్క రాత్రిలో కావాలన్నారు. కరెంటు లేదు. కాలిక్యులేటర్ మీద గుణించి రాసేశాను. ఇన్నేళ్లలో ఎంతమంది పిల్లలో, ఎంతమంది ఎగ్జామినర్లో. ఒక్కరూ ఇది ఇలా రావడం లేదు సార్ అనలేదు. వచ్చినవాళ్లకి వచ్చే ఉంటుంది. తామే తప్పు చేశామనుకుని మాన్యువల్ చూసి దిద్దుకుని ఉంటారు.

మేనకోడలు: ఈ పిల్ల దిద్దుకోలేదు.

మామయ్య: మాన్యువల్ ఎదురుగా పెట్టుకుని కూడా దిద్దుకోలేదు. నాకు భయపడే పిల్ల. (రికార్డు దగ్గరికి తీసుకుని ఆ పేజీ మళ్లీ తెరిచారు.) చూడు, అంకెల చుట్టూ పెన్సిలుతో ఒక చిన్న సున్నా చుట్టుకుంది. అడుగుదామనుకుని ఉంటుంది.

మేనకోడలు: మార్కులు కలుపుతారా?

మామయ్య: ఇప్పుడే కలపను. ఎందుకొచ్చిందో ఇంకా తనకి తెలియదు కదా. తెలియనిదానికి వేస్తే అది నీ వాదం కాదు, నా పాత దయే. సోమవారం ల్యాబులో కూచోబెట్టి అడుగుతాను. తెలుగులోనే. ముందు 7 ఇవ్వమంటాను, తర్వాత 8. అక్కణ్నుంచి లాక్కొస్తే పదికి పది. లాక్కురాలేకపోయినా, కనబడింది కనబడినట్టు రాసినందుకు కోసిన రెండూ తిరిగిస్తాను.

మేనకోడలు: మిగతా 59 మందికి?

మామయ్య: వాళ్లకీ అదే కుర్చీ, అదే ప్రశ్న. వారానికి ఆరుగురు. కోత మాత్రం వెయ్యను. వాళ్లు నమ్మింది నా రాతనే.

మేనకోడలు: అయితే ముందు ఆ మాన్యువల్‌లో 40320 కొట్టేసి మైనస్ 25216 అని దిద్దండి.

మామయ్య: దిద్దితే వచ్చే ఏడు 60 మందీ మైనస్ 25216 అని రాసుకొస్తారు, ముత్యాల్లాంటి అక్షరాలతో. వద్దు. అవుట్‌పుట్ దగ్గర ఖాళీ గీత ఒక్కటే ఉంచుతాను.